గట్టిపడని రుమాలు

ఆ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు వచ్చినా దాని పేరు ముందుగా ప్రకటించేది మందులక్కే. పదహారేళ్లుగా మందుల షాపు కౌంటరు వెనక నిలబడిన మనిషి. వీధిలో తుమ్మినవాడూ దగ్గినవాడూ ఆమె గుమ్మం ముందు ఆగి, ఏం వేసుకోమంటావని అడిగి వెళ్లేవాళ్లు. ఆ పేరు అలా వచ్చిందే. పైకి విసుక్కున్నట్టు కనిపించినా, లోలోపల ఆ పేరంటే ఆమెకు మహా గర్వం.

ఆ రోజు పొద్దున కూడా టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఇంకా మంచం దిగని తమ్ముణ్ణి గుమ్మంలోంచే చూసి తీర్పు చెప్పేసింది.

"జ్వరం. మాత్ర వేసి పడుకోబెడితే మధ్యాహ్నానికి లేచి కూర్చుంటాడు."

మంచం పక్కనే ఉన్న మరదలు తల తిప్పలేదు. ఆమె లాండ్రీలో పనిచేస్తుంది. ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు రెండు చేతుల మీదా ఉంటాయి. వదినా మరదళ్లిద్దరికీ మొదటి నుంచీ ఉప్పూ నిప్పే.

"ఉట్టి జ్వరం కాదు. తల పగిలిపోతోందంటున్నారు. కిటికీ తెర తీస్తే వెలుతురు చూడలేక కేకపెట్టారు."

"జ్వరమొస్తే తలనొప్పి రాకుండా కాళ్లనొప్పి వస్తుందా?"

"రెండు వారాల నుంచీ మొత్తుకుంటున్నాను వదినా, అది జలుబు కాదని."

"మొదలెట్టిందమ్మా, లాండ్రీ డాక్టరమ్మ" అని మందులక్క టీ ఒక గుక్క తాగింది.

ఆ వెటకారానికి ఒక కథ ఉంది. తమ్ముడు ఇళ్లకు రంగులు వేస్తాడు. రెండు నెలల కిందట నిచ్చెన మీద నుంచి జారిపడి నుదురు పగలగొట్టుకున్నాడు. అయిదు కుట్లు వేయించుకుని, వారం తిరక్కుండానే మళ్లీ నిచ్చెనెక్కాడు. అప్పటి నుంచీ బూట్ల తాళ్లు కట్టుకోవడానికి వంగితే చాలు, కుడి ముక్కులోంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారేవి. గొంతులో ఉప్పగా తగులుతోందనేవాడు. మందులక్క జలుబని తేల్చి మాత్రలిచ్చింది. మరదలు మాత్రం ఒకరోజు అతని రుమాళ్లు తెచ్చి బల్ల మీద పరిచింది.

"చీదిన రుమాలు ఆరితే అట్టకడుతుంది. రోజుకి వంద బట్టలు చూసేదాన్ని, నాకు తెలీదా? ఇవి ఆరాక కూడా మెత్తగానే ఉన్నాయి. ఇది జలుబు నీళ్లు కాదు. ఆస్పత్రిలో చూపిద్దాం."

మందులక్క కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది. రుమాలు పట్టుకుని జబ్బు చెప్పే డాక్టరమ్మ మా ఇంట్లో ఉందంటూ వీధంతా చాటింది. తమ్ముడు కూడా అక్క మాటకే తలూపాడు. ఆ రోజు నుంచి మరదలు ఆమెతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.

మందులక్క గ్లాసు పక్కన పెట్టి మాత్రతో మంచం దగ్గరికొచ్చింది. "లే చిన్నా. కాస్త గడ్డం వంచు, మింగుదువుగాని" అంటూ అతని తల కింద చెయ్యి పెట్టి లేపింది. తల వంగలేదు. మెడ చెక్కలా బిగుసుకుని ఉంది. తలతోపాటు భుజాలూ లేచాయి. అతను కళ్లు సగం తెరిచి, "అక్కా, నిచ్చెన పట్టుకో. పై మెట్టు తడిగా ఉంది" అన్నాడు.

మాత్ర ఆమె వేళ్లలోంచి జారి మంచం కిందికి దొర్లింది. అప్పటికే మరదలు ఫోన్లో టాక్సీ పిలిచేసింది.

"ఆగు. మా షాపు డాక్టరుగారికి ఫోన్ చేసి..."

"అడ్డు తప్పుకోండి వదినా."

"అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడికేం కావాలో నాకు తెలీదా?"

"పెంచారు. కాదన్లేదు. పెంచినందుకు చంపే హక్కు కూడా వచ్చిందా మీకు?"

మందులక్క పక్కకు తప్పుకుంది.

ఆస్పత్రిలో డాక్టరు వయసులో చిన్నమ్మాయి. అతని మెడ వంచి చూసి, కళ్లలో లైటు వేసి, వెంటనే నర్సుకి ఏదో ఇంజెక్షన్ చెప్పింది. తర్వాత వీళ్లవైపు తిరిగింది.

"తలకి దెబ్బేమైనా తగిలిందా? ముక్కులోంచి నీళ్లు కారడం ఉందా? ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా?"

"ఎప్పుడో కాస్త దెబ్బ తగిలింది. జలుబుంది, అంతే. జలుబు మాత్రలు తప్ప ఏమీ వాడలేదు" అని మందులక్క అందుకుంది.

మరదలు చేతిసంచీలోంచి ఆరు రుమాళ్లు తీసి బల్ల మీద పెట్టింది. ఉతకనివి, ఆరినవి. డాక్టరు ఒక్కొక్కటీ వేళ్లతో నలిపి చూసింది.

"ఇవి దాచింది ఎవరు?"

"నేను" అంది మరదలు.

"మంచిపని చేశారు. ముక్కు పైభాగానికీ మెదడుకీ మధ్య పలచటి ఎముక ఉంటుంది. పడ్డప్పుడు అది చిట్లినట్టుంది. మెదడు చుట్టూ ఉండే నీరు అందులోంచి కిందికి కారుతోంది. మన ముక్కులో కొన్ని బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి, ఊరికే పడుంటాయి. వాటికి ఈ పగుల్లోంచి పైకి దారి దొరికింది. రక్తంలోనైతే వాటిని పట్టుకునే కణాలుంటాయి. ఆ నీళ్లలో కాపలా తక్కువ. అక్కడ పెరిగి మెదడు పొరలు వాచేలా చేస్తాయి. మెనింజైటిస్ అంటారు."

"ఎంత ప్రమాదం?" అని అడిగింది మరదలు.

"ప్రాణం మీదికి రావచ్చు. నడుములోంచి ఆ నీరు కొంచెం తీసి చూడాలి. స్కాన్ అవగానే తీస్తాం."

మధ్యాహ్నమైంది. వరండా బెంచీకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నారు. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. డాక్టరు కాగితంతో తిరిగొచ్చింది.

"రుమాళ్లు చూస్తే బ్యాక్టీరియా అనిపిస్తోంది. నడుములోంచి తీసిన నీరు చూస్తే వైరస్ కావచ్చేమో అనిపిస్తోంది. పెద్దగా మబ్బుగా లేదు, స్లైడులో క్రిమి కనబడలేదు. వైరస్ అయితే పొద్దున మొదలెట్టిన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఆపేస్తాం. ఇంటి దగ్గర ముందే యాంటీబయాటిక్ పడి ఉంటే కూడా క్రిమి ఇలాగే కనబడకుండా పోతుంది, అప్పుడు ఆపితే మాత్రం మనిషి దక్కడు. అందుకే మళ్లీ అడుగుతున్నా. ఏదీ ఇవ్వలేదు కదా?"

మందులక్క నేల చూసింది. చెబితే పదహారేళ్ల పరువూ ఈ బెంచీ మీదే, ఈ మరదలి ముందే పోతుంది. చెప్పకపోతే తమ్ముడు పోతాడు. ఆమె లేచి నిలబడింది.

"ఇచ్చాను. మూడు రోజులుగా, రోజుకొక గుళిక. షాపులోంచి తెచ్చాను. జలుబు మాత్రే అని చెప్పి మింగించాను. మందు ఆపకండమ్మా."

డాక్టరు పేరూ మోతాదూ అడిగి రాసుకుంది. "ఇక ఆపం" అని లోపలికి పరుగెత్తింది.

మరదలు లేవలేదు. అరవనూ లేదు.

"జలుబే అనుకుంటే ఆ గుళిక ఎందుకిచ్చారు వదినా?"

మందులక్క గోడకి ఆనుకుంది. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"జలుబు కాదేమోనని నాకూ భయం పట్టుకుంది. పోయిన వారం నేనూ ఒక రుమాలు ఆరేసి చూశాను. మెత్తగానే ఉంది. నువ్వన్నది నిజమని ఒప్పుకోవాల్సి వస్తుందని, చాటుగా నేనే తగ్గించేద్దామనుకున్నాను. నీ మాట నెగ్గకూడదని."

"వెళ్లిపోండి" అంది మరదలు. "ఆయన కళ్లు తెరిచేదాకా నా ముందుకి రాకండి."

మందులక్క వెళ్లి మెట్ల మీద కూర్చుంది. కౌంటరు వెనక నుంచి ఎందరికో ధైర్యం చెప్పిన నోరు చీరకొంగులో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత రోజూ అదే మెట్టు మీద కూర్చుని, దిగొచ్చే నర్సులనడిగి తమ్ముడి సంగతి తెలుసుకునేది. నాలుగో రోజుకి అతనికి తెలివొచ్చింది. పైకి రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు.

పదమూడో రోజు పొద్దున నర్సు వచ్చి, "మీ మరదలు రమ్మంటున్నారు" అంది.

తమ్ముడు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. చిక్కి సగమయ్యాడు. ముఖం కుడివైపు కిటికీకి తిప్పి ఉంది. అటువైపు కుర్చీలో మరదలు కూర్చుని ఉంది. మందులక్క ఎడమవైపు మంచం అంచున కూలబడి, అతని చెవి దగ్గరికి వంగింది.

"తప్పయిపోయింది చిన్నా. తెలిసే చేశాను. నన్ను క్షమించరా."

అతను కదల్లేదు. కిటికీ వైపే చూస్తున్నాడు. క్షమించడు, ఎందుకు క్షమించాలి అనుకుంది ఆమె. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేవబోయింది.

"ఆ చెవి పోయింది వదినా" అంది మరదలు. "ఈ జబ్బులో ఒక్కోసారి అలా పోతుందట. ఇక రాదన్నారు."

మందులక్క ఉన్నచోటే నిలబడిపోయింది. మరదలు ఆమెనే చూసింది. ఆ చూపులో కోపం తగ్గలేదు. అయినా కుర్చీలోంచి లేచి, దాన్ని మంచానికి దగ్గరగా జరిపింది.

"ఇటొచ్చి చెప్పండి. ఈ చెవి బాగానే వినపడుతుంది. నేనూ వింటాను."