మేకు కొట్టని గోడలు

గోడకు మేకు దిగుతున్న చప్పుడు విని అతను హాల్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమిటా పని? కాసేపట్లో ఇల్లు చూడ్డానికి వస్తున్నారు! గోడకు చిల్లి చూస్తే బేరం పోదూ?"

ఆమె సుత్తి కింద పెట్టలేదు. "పోనివ్వండి! సగం ఇల్లు నా పేరుమీద ఉంది. నేను సంతకం పెట్టను!"

కాపురానికి వచ్చింది మొదలు ఆమె గోడకు మేకు కొట్టి ఎరగదు. కొన్న ప్రతి ఇల్లూ అమ్మడానికే మరి! బంధువులు అతన్ని 'రేట్ల రాయుడు' అని ఊరికే అనలేదు. ఒక పేటలో ధరలు పెరిగితే అక్కడ కొనలేనివాళ్ళు పక్క పేటకు చేరతారు. దాంతో అదీ పెరుగుతుంది, ఆపైన దాని పక్కది... పెరగబోయే పేటలో ముందే ఇల్లు కొనడం, పెరగగానే అమ్మేసి ఇంకో పేట అవతలికి కాపురం మార్చడం అతని పద్ధతి. లెక్క ఎన్నడూ తప్పలేదు, నిజమే! కానీ పిల్లి పిల్లల్ని తిప్పినట్టు సంసారాన్ని తిప్పితే ఆ ఇల్లాలు ఏమైపోవాలి?

తనకోసమైతే ఆమె ఇప్పుడూ నోరు విప్పేది కాదు. ఇది అత్తగారి కోసం! పాత ఇంట్లో ఉండగానే ఆవిడ చూపు పూర్తిగా పోయింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో గుమ్మం తట్టుకుని పడి, "నన్నో మూల కూర్చోబెట్టెయ్యమ్మా, ఎవరికీ అడ్డం రాను..." అని వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు ఊరుకోలేదు. రోజూ చెయ్యి పట్టుకుని గోడలు తడిమించి, గుమ్మాలు చెప్పి, ఇల్లంతా నేర్పింది. ఇప్పుడావిడ తన పనులు తానే చేసుకుంటోంది.

"కొత్త ఇల్లూ నేర్చుకుంటుందిలే!" అన్నాడతను.

"అక్కడా రేటు పెరుగుతుంది కదండీ... అప్పుడు మళ్ళీనా?"

గదిలోంచి అత్తగారే అంది. "నాకోసం బేరం చెడగొట్టుకోకండర్రా! ఇల్లు నేనే చూపిస్తాను."

అన్నంత పనీ చేసింది! వచ్చిన భార్యాభర్తల ముందు నడుస్తూ, "ఈ కిటికీ తెరిస్తే గాలే గాలి... జాగ్రత్తమ్మా, ఇక్కడ మెట్టుంది!" అంటూ గది గదీ తిప్పింది.

వచ్చినావిడ మురిసిపోయి ఫోన్లో ఒక ఫొటో తీసి చూపించింది. "మా మంచం ఇదండీ పెద్దమ్మగారూ. ఈ గదిలో పడుతుందేమో చూడండి."

"నాకు చూపు లేదమ్మా."

ఆవిడ నిర్ఘాంతపోయింది. "ఇంతసేపూ మమ్మల్ని నడిపించింది మీరేగా!"

"మా కోడలి చలవ తల్లీ! ఈ ఒక్క ఇల్లే నాకు కనిపిస్తుంది..."

ఆ మాట అతని గుండెల్లో సూటిగా దిగింది. పేట పేటనీ చదివిన మనిషి కన్నతల్లి అడుగులు చూడలేకపోయాడు!

"ఏరా, వాళ్ళకు నచ్చిందా?" అంది తల్లి ఆశగా.

"నచ్చిందమ్మా... మనమే అమ్మడం లేదు." అతను వచ్చినవాళ్ళకు చేతులు జోడించాడు. "క్షమించండి. తప్పు నాదే."

"అయ్యో! మరి రేటు?"

"పెరిగితే పెరగనీ అమ్మా! నువ్వు హాయిగా తిరుగు."

కోడలి కన్నీళ్ళు కట్టలు తెంచుకున్నాయి. అత్తగారు మాత్రం కొడుకు మీద విరుచుకుపడింది. "మరి వీళ్ళను నాచేత ఎందుకు తిప్పించావురా సన్నాసీ? కాఫీ అయినా ఇచ్చి పంపాలా వద్దా?"

కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఆవిడే వంటింటివైపు నడిచింది. కొడుకు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.