కందకంలో నీరు తగ్గిన రోజు

రోహిణి కార్తె రెండవ నాటి ఉదయం మోదుగల్లు దుర్గపు బురుజుల మీద నిలిచి చూసినవారికి, నలభై రోజులుగా కోటను చుట్టుముట్టి ఉన్న పడమటి మన్నె నాయకుని గుడారాలు ఎర్రనేల మీద వరుసలు వరుసలుగా తంగేడు పొదల అంచు దాకా కనిపించేవి. వెనుదిరిగితే మట్టిగోడకూ రాతిగోడకూ నడుమ, కొత్తగా తడిసిన నారుమళ్లలో నీరు తళతళలాడేది. కానీ ఎవరూ అటూ ఇటూ చూడలేదు. అందరి కళ్లూ కందకం మీదనే ఉన్నాయి.

ఏనుగు మునిగే లోతున ఉండవలసిన నీరు, రోజూ చెరువు నుంచి నింపితే గానీ నిలవని దక్షిణపు మలుపులో, నడుము బంటికి దిగింది. సూర్యోదయానికి ముందే శత్రువులు మోపులకొద్దీ కంప పడవేసి దాటి వచ్చారు. సేనాపతి పోతినాయకుడు స్వయంగా ఎదురు నిలిచి వారిని వెనక్కు తరిమాడు. అతని భుజం చీరుకుపోయింది. మలుపును కాచే బంట్లలో ఇరవై ఏడుగురు పోయారు.

శవాలను ఎత్తకముందే, లోపలివాడెవడో ద్రోహం చేశాడని కోటలో చూపులు మారాయి. పక్కపక్కన కాపలా కాసేవారు బారెడు ఎడంగా నిలబడసాగారు. సంకటి వండినవాడు ముందు తాను తిని చూపిస్తే గానీ ముట్టమని బంట్లు పట్టుబట్టారు.

బయ్యదేవ మహారాజు కొలువు తీర్చాడు. మంత్రి దేచనామాత్యుడు లేచాడు. ఇరవై ఏళ్లుగా మంత్రిత్వం చేస్తున్నవాడు, గొంతు పెంచి మాట్లాడే అవసరం ఎన్నడూ రానివాడు.

"ప్రభూ, నీటికి కాళ్లు లేవు. ఎవరో నడిపిస్తేనే నడిచింది. చెరువు తూములు చూసే నీరుకట్టు కాచన నిన్న పొలం తూము ఎత్తి, కందకపు తూము మూశాడు. అంతకు ముందునాటి సాయంకాలం చెరువుకట్ట మీద అతనితో మాట్లాడిన మనిషి సేనాపతి ఇల్లాలు మైలసాని. ఆమె అన్న ఎదుటి శిబిరంలో ఏనుగుల దళానికి నాయకుడు. ఇంతకు మించి నేను చెప్పవలసింది లేదు." ఒక్క క్షణం ఆగి, పోతినాయకుని వైపు తిరిగి, "మన సేనానికి మీసం దిద్దుకోవడానికి దొరికిన తీరిక ఇల్లు చూసుకోవడానికి దొరకలేదు కాబోలు" అన్నాడు.

కొందరు నవ్వారు. ఆ సాయంకాలం మైలసాని బురద కాళ్లతో ఇంటికి రావడం పోతినాయకుడు చూశాడు. అప్పుడు అడగాలని తోచలేదు. ఇప్పుడు ఆ బురద తప్ప మరేమీ కళ్లకు కట్టడం లేదు.

"సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా దీనికి జవాబు కావాలి" అన్నాడు రాజు. "రాకుంటే ఆ ఇద్దరినీ ఏనుగు కాళ్ల కింద వేయిస్తాను. సేనానీ, వెతికే పని నీదే."

మైలసానిని రాణివాసంలో కావలి పెట్టి ఉంచారు. పోతినాయకుడు ఆ వాకిలి ముందు ఆగకుండా, కాచనను ఉంచిన చెరసాలకు నడిచాడు.

"తూము ఎందుకు ఎత్తావు?"

"రోహిణి వచ్చింది కాబట్టి, దొరా" అన్నాడు కాచన. డెబ్బై ఏళ్ల మనిషి, గోడకు చేరగిలబడి ఉన్నాడు. "రోహిణి మొదటి నాడు నారుమళ్లకు నీరు వదలడం మా తాత నాటి నుంచీ మా పని. ఎవరి ఆజ్ఞా అక్కరలేదని కట్ట మీద శాసనం వేశారు. ఎత్తకపోతే దండన అని కూడా దానిమీదే ఉంది. ఎత్తితే ఇదిగో, ఇది." సంకెళ్లు ఆడించాడు.

"ముట్టడిలో ఉన్నామని తెలియదా?"

"తెలుసు. అందుకే పది రోజుల నాడు మంత్రిగారి వాకిట పిడికెడు విత్తనపు వడ్లు పోసి వచ్చాను. అది మా ఆనవాయితీ. నీరు వద్దంటే ఆ వడ్లు తిరిగి పంపాలి. రాలేదు. కోళ్లు తిన్నాయో, మంత్రిగారే తిన్నారో."

"చూసినవారున్నారా?"

"కోళ్లున్నాయి."

తరువాతి ప్రశ్న కోసమే పోతినాయకుడు వచ్చాడు.

"నా ఇల్లాలు నీతో ఏమన్నది?"

"ఎత్తవద్దన్నది. 'తల్లీ, నీ మాట మీద ఆపే అధికారం నాకు లేదు, సేనాపతి చేత ఒక్క కబురు పంపించు, కాళ్లు చాపుకుని పడుకుంటాను' అన్నాను. 'ఆయనతో చెబుతాను' అని వెళ్లింది. తెల్లవారేదాకా చూశాను, దొరా. ఎవరూ రాలేదు."

పోతినాయకునికి అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆ రాత్రి బాణపు ములుకులు మెత్తగా ఉన్నాయని కమ్మరులతో వాదిస్తున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి చెరువు గురించి ఏదో మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే, "నీళ్ల సంగతి మంత్రిది, నాకు చెప్పకు" అన్నాడు. ఆమె వెళ్లిపోయింది. మరుక్షణమే అతను మరచిపోయాడు.

కొలువుకు నడుస్తూ లెక్క వేసుకున్నాడు. వడ్ల మాట ఎత్తితే మంత్రి లేదంటాడు. నీరుకట్టు మాటకు కొలువులో విలువ లేదు. సభ రెండు పక్షాలై వాదించుకుంటుండగా సూర్యుడు నడినెత్తికి వస్తాడు. సాక్ష్యం అక్కరలేని తప్పు ఈ మొత్తంలో ఒక్కటే ఉంది.

"దేవరా," అన్నాడు రాజు ఎదుట నిలిచి, "తూము సంగతి నా ఇల్లాలు నాకు ముందే చెప్పింది. నేను వినలేదు. నేను ఒక్క మనిషిని కట్ట మీదికి పంపి ఉంటే కందకం నిండుగా ఉండేది. కాచన మంత్రి వాకిట ఆనవాయితీ ప్రకారం వడ్లు పోశానంటున్నాడు. పోశాడో లేదో నేనెరుగను. నేనెరిగినది నా తప్పు. ఆ ఇరవై ఏడుగురికీ నేను జవాబుదారిని. వారిద్దరినీ విడిచిపెట్టండి."

దేచనామాత్యుని ముఖంలో చిరునవ్వు కదిలింది. "సేనాని తానే ఒప్పుకున్నాక ఇక విచారణ దేనికి?"

అప్పుడు బంట్ల వరుసలోంచి ఒకడు ముందుకు వచ్చాడు. దక్షిణపు మలుపు కావలివాడు గుండడు.

"నాది కూడా ఉంది, దేవరా. నీరు దిగడం నేను చూశాను. నగారా కొట్టలేదు. పోయిన నెల కందకంలో గేదె దిగిన చప్పుడుకు నగారా కొట్టినవానికి ఇరవై కొరడా దెబ్బలు వేయించారు." పోతినాయకుని వైపు తిరిగాడు. "మీరే వేయించారు. అది తలచుకుని ఊరుకున్నాను. పోయినవారిలో నా తమ్ముడున్నాడు."

"వేయించాను" అన్నాడు పోతినాయకుడు. "అది రెండవ తప్పు."

రాజు మంత్రి వైపు చూశాడు. సభ మొత్తం చూసింది. దేచనామాత్యుడు ఉత్తరీయం సర్దుకుని, "నా వాకిట రోజుకు వందమంది ఏవేవో పెట్టి పోతారు, ప్రభూ. అన్నీ గుర్తుండవు" అన్నాడు.

"సరే" అన్నాడు రాజు. కాచననూ మైలసానినీ విడిపించాడు. గుండణ్ణి కావలిలోనే ఉంచాడు. పోతినాయకుని సేనాపత్యం తీసివేసి, దక్షిణపు మలుపులో బంటుగా నిలబెట్టాడు. చెరువు మీద అధికారం మంత్రి చేతి నుంచి తప్పించాడు. దేచనామాత్యుని మీద నేరం ఏదీ రుజువు కాలేదు. అయినా ఆనాటి నుంచి అతని వాకిట ఏదైనా ఇవ్వవచ్చినవారు పక్కన ఇద్దరిని సాక్ష్యం నిలబెట్టుకునేవారు.

ఆ తరువాత ఆరవ నాడు, కందకం మళ్లీ నిండాక, శత్రువులు తాటి తెప్పల మీద వచ్చారు. మసక వెలుతురులో నీటి మీద కదిలింది ఏమిటో గుండడికి తెలియలేదు. తెలియకుండానే నగారా కొట్టాడు. మలుపులో పోతినాయకుడు అందరితో పాటు ఈటె పట్టి నిలిచాడు. ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి. ఒక్క తెప్ప కూడా ఒడ్డుకు తగలలేదు. మృగశిర వానలకు గుడారాలు బురదలో కూరుకుపోగా మన్నె నాయకుడు ముట్టడి ఎత్తివేసి వెళ్లిపోయాడు.

మైలసాని ఇంకా రాణివాసంలోనే ఉంది. ఎవరూ ఉంచలేదు, తానే ఉండిపోయింది. పోతినాయకుడు కట్టు కట్టిన చేతితో వెళ్లి మండపంలో ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఒక్కటి అడుగుతాను" అన్నదామె. "ఆ రోజు ఈ వాకిలి మీదుగానే చెరసాలకు వెళ్లారు. కిటికీలోంచి చూశాను. ముందు నన్నెందుకు అడగలేదు?"

కొలువులో చెప్పినదాని కంటే ఇది చెప్పడం కష్టమైంది. "అడిగితే అవునంటావేమోనని భయపడ్డాను."

ఆమె అతని చేతి కట్టు వైపు చూసింది.

"గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్లిపోయాను నేను. లోపలికి వచ్చి, ఆ ములుకులు అవతలికి నెట్టి చెప్పవలసింది."

"అందులో నీ తప్పేమీ లేదు."

"ఉందో లేదో నేను చూసుకుంటాను. దానికి కూడా మీరే తీర్పు చెప్పకండి."

అతను సరేనన్నాడు. ఆనాడు ఆమె ఇంటికి రాలేదు. మూడవ నాడు, ఎవరూ పిలవకుండానే, వచ్చింది.