ఆమె పేరు మీద వచ్చే బిల్లు

మొదటిసారి ఆమె నా కౌంటర్ దగ్గరికి వచ్చినప్పుడు ఫారం వెనక్కిచ్చాను. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇవాళ కూడా రిజెక్ట్ చేస్తే ఇక్కడే టిఫిన్ బాక్స్ విప్పుతాను రూల్సుగారూ," అంది. ఆఫీసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరదే అయింది.

తప్పు నాది కాదు, కనీసం అప్పుడలా అనుకున్నాను. ఇంటి మీద ఎండ పడనివాళ్ళు కూడా ఊరి బయట సోలార్ ప్లాంటులో వాటా తీసుకోవచ్చనీ, ఆ కరెంటును వాళ్ళ బిల్లులో మా కరెంటు కంపెనీ తగ్గించి తీరాలనీ కొత్త చట్టం వచ్చింది. కంపెనీ మూతి ముడుచుకుంటూనే ఒప్పుకుంది. కాకపోతే మీటరు ఎవరి పేరు మీదుంటే వాటా వాళ్ళకే. ఈమె తెచ్చిన ఫారంలో సంతకం నాన్నది, మీటరు అమ్మది.

"మీ అమ్మగారిని ఒక్కసారి తీసుకురండి. రెండు నిమిషాల పని," అన్నాను దర్జాగా.

"ఆవిడ వచ్చేదే అయితే మాకింకేం కావాలండీ?" అంది నవ్వుతూనే. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే అమ్మాయి, తన అద్దాలు తీసి తుడుచుకుంది. "పోయి నాలుగేళ్ళయింది."

నాకు తల కొట్టేసినట్టయింది.

మీటరు పేరు మార్చడానికి నాన్న సంతకం ఒక్కటి చాలు. ఆయన పెట్టడట. అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటాడట. ఆయనవి పాడైన ఊపిరితిత్తులు, పగలంతా ఆక్సిజన్ మిషన్ నడవాలి. దాంతో బిల్లు తడిసి మోపెడవుతోంది. వాటాలకు గడువేమో నెలాఖరు.

ఆదివారం నేనే వాళ్ళింటికి వెళ్ళాను. డ్యూటీ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆదివారం ఆ షాపుకు సెలవు కాదని నాకేం తెలుసు?

ఎదురుగా ఆరంతస్తుల భవనం. మిట్టమధ్యాహ్నం కూడా ఆ ఇంట్లో లైటు వేయందే మనిషి కనపడడు. నేను తలుపు తట్టాకే లోపల మిషన్ మొదలైన చప్పుడు వినిపించింది. పెద్దాయన ఆయాసపడుతూ తలుపు తీసి, "అమ్మాయి తొందరగా వచ్చేసిందనుకున్నాను," అన్నాడు. బిల్లు తగ్గాలని, ఆమె షాపుకెళ్ళగానే మిషన్ ఆపేస్తున్నాడన్నమాట.

మంచం కింద నుంచి రేకు డబ్బా తీసి చూపించాడు. అన్నీ కరెంటు బిల్లులే. ఒక్కటీ నలగలేదు.

"బ్యాంకు వాళ్ళు మా ఆవిడ పేరు కొట్టేశారు. ఓటర్ల లిస్టులోనూ తీసేశారు. నెలనెలా ఆమె పేరుతో ఈ ఇంటికొచ్చే కాగితం ఇదొక్కటే బాబూ. దాన్ని కూడా ఆపమంటున్నావు."

 వెంట తెచ్చిన పేరు మార్పు ఫారం బల్ల మీద పెట్టి బయటపడ్డాను.

వీధి మలుపులో వాన పట్టుకుంది. షాపు నుంచి వస్తున్న ఆమె, "రూల్సుగారు తడవచ్చా?" అంటూ గొడుగు నా మీదికి వంచింది. నేను మిషన్ సంగతి చెప్పేశాను. చెప్పకపోతే ఆ గొడుగు కింద ఇంకాసేపు నడిచేవాళ్ళం. ఎప్పుడూ నవ్వించే మనిషి ఏడుస్తుంటే చూడలేకపోయాను. గొడుగు నా చేతిలో వదిలేసి ఇంటికి పరిగెత్తింది.

గడువు చివరి రోజు పెద్దాయన కూతురి చెయ్యి పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. "నా కోసం కాదు. ఇది పని మానుకుని నాకు కాపలా కూర్చుంటోంది," అంటూ సంతకం పెట్టాడు. పెన్ను కింద పెట్టాక అడిగాడు. "ఇక ఆమె పేరు రాదు కదూ?"

"ఇంకొక్క నెల వస్తుందండీ. అది నేనే తెచ్చిస్తాను."

ఆ చివరి బిల్లును నలగకుండా పుస్తకంలో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన ఆ పేరును ఒకసారి వేలితో తడిమి, డబ్బాలో పెట్టి మూత వేశాడు. 

"వచ్చే నెల నుంచి నా పేరుతో వస్తుంది. నా పేరు నేనేం చేసుకోను?" అన్నాడు. తర్వాత నావైపు చూశాడు. "నువ్వు వస్తూ ఉండు బాబూ. ఈ ఇంటికి ఎవరో ఒకరు రావాలి."

"నెలకోసారి తప్పకుండా వస్తానండీ," అన్నాను. నా తెలివి అలా ఏడిసింది.

గుమ్మంలో నిలబడ్డ ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. "రోజూ రాకూడదని రూలేమైనా ఉందా?" అంది. 

లేదన్నాను. పెద్దాయన డబ్బా మీద చెయ్యి వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పటికి మధ్యాహ్నం రెండైంది. మిషన్ నడుస్తూనే ఉంది.