నీలిమందు నడిచిన బాట

సముద్రం అవతలి దీవిలో, బ్రిజే వెర్దియేర్‌లో చెరుకు తోటల నడుమ డాక్టర్ మార్సెల్‌కి ఒక కుక్కల కొట్టం ఉండేది. ఆయనకి కుక్కలంటే ప్రాణమని ఊరంతా అనుకునేది. ఎవరి ప్రాణమో కొట్టం ఊడ్చే కన్నమ్మకే తెలుసు. రాచపుండు పుట్టిన కుక్క నుంచి చిన్న ముక్క కోసి, మంచి కుక్క రొమ్ములో పెట్టేవాడు. అది గడ్డయ్యాక అందులోకి నీలిమందు ఎక్కించేవాడు. కుక్క చచ్చాక కోసి చూస్తే, గడ్డ నుంచి చంకలో బిళ్ళకి, అక్కడి నుంచి మెడ కిందికి సన్నటి నీలిగీత పాకి ఉండేది.

"పుండు నడిచే బాట ఇదే," అనేవాడు.

కన్నమ్మ వింటూ కుక్కల్ని కోసే రాతిబల్ల కడిగేది. తన రొమ్ములో రేగిపండంత గడ్డ తగిలిన రోజూ అలాగే కడిగింది. ఏడుపు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది.

"చంకలో బిళ్ళ లేకపోతే గడ్డ కోసేస్తా, బతుకుతావు. ఉంటే నేను కత్తి పట్టను. ఫ్లాక్ పట్నం వెళ్ళొచ్చి చూస్తా," అన్నాడు డాక్టర్, ఆమె గడ్డ సంగతి చెప్పినప్పుడు.

ఆయన అటు వెళ్ళగానే తుఫాను పట్టుకుంది. కుక్కలకి గంజి పోయబోయి కన్నమ్మ కొట్టంలోనే చిక్కుకుంది. పట్టపగలే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. తడి బొచ్చు వాసన, కుళ్ళిన చెరుకుపిప్పి వాసన. రేకులు దడదడలాడుతున్నాయి. కుక్కలు మొరుగుతున్నాయి.

ఉన్నట్టుండి మొరగడం మానేశాయి.

రాతి మీద గోళ్ళ చప్పుడు… టిక్… టిక్…

ఆ నడక ఆమెకి తెలుసు. కిందటి వారం తన చేతులతోనే పాతిపెట్టిన నల్లకుక్కది.

"నల్లదానా…?"

చల్లటి నాలుక రొమ్ము మీద ఆనింది. రవిక ఉండగానే… ఒంటికే తగిలింది.

"పుండు ఎక్కడిదాకా పోయిందే… చెప్పు," అని గొణిగింది.

నాలుక చంకలోకి వెళ్ళింది. ఆగింది. అక్కడితో అయిపోతుందనుకుంది కన్నమ్మ. కాలేదు. పైకి పాకింది. మెడ ఎముక పక్క గుంటలో ఆగి… నాకుతూనే ఉంది.

తుఫాను వెలిశాక డాక్టర్ వచ్చాడు. చంక అంతా నొక్కి చూశాడు.

"నా పా నర్యే! ఏమీ లేదు!" అని నవ్వాడు.

గుమ్మంలో కూర్చున్న ఆమె మొగుడు వీరయ్య భోరుమన్నాడు. "అమ్మోరు కాపాడిందే!"

"మిస్యే, దొరా, మెడ కింద కూడా చూడండి," అంది కన్నమ్మ.

"చంక దాటకుండా అక్కడికెలా పోతుంది? నా కుక్కలనడుగు, అవే చెబుతాయి," అంటూనే రవిక పక్కకి జరిపాడు.

చెయ్యి ఆగిపోయింది. రొమ్ము నుంచి మెడ గుంటదాకా సన్నటి నీలిగీత, ఇంకా తడిగా ఉంది. దాని కొసన వేలికి శనగగింజంత బిళ్ళ తగిలింది.

"నీలిమందు ఎవరు తీశారు? నల్లకుక్కతోనే అయిపోయిందిగా…"

కన్నమ్మ రవిక సర్దుకుంది. గుమ్మంలో వీరయ్య ఇంకా దండాలు పెడుతూనే ఉన్నాడు. డాక్టర్ వేలు గుడ్డకేసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

నీలం పోలేదు. సన్నగా… మణికట్టు వైపు నడిచింది.