ఆమె మాట్లాడని ప్లేట్లు

"తలుపు! ముందు ఆ తలుపు వెయ్యండి! నా పిల్లలకి జలుబు చేస్తుంది!"

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. మైక్రోస్కోప్ గదిలో అతను ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. పిల్లలెవరూ లేరు. గుమ్మంలో మాత్రం ఒకమ్మాయి నిలబడి ఉంది. తెల్లకోటు, వానకి సగం తడిసిన జుట్టు, ముక్కు మీద కోపం.

"పిల్లలెక్కడున్నారండీ?"

"మీరు బార్లా తెరిచిన ఆ పెట్టెలో. అవి నా కణాలు. మన ఒంట్లో ఉన్నంత వేడి ఉంటేనే బతుకుతాయి. మీరేమో ఏసీ గదిలో తలుపు తీసి వాటికి గాలి తగిలిస్తున్నారు!"

"లోపలేముందో చూద్దామని..."

"చూడ్డానికే కదా తలుపుకి అద్దం పెట్టింది!"

నిజమే, ఎదురుగానే ఉంది అద్దం. అంత పెద్ద అద్దం కనబడనివాడు ఇక కణాలేం చూస్తాడని ఆమె కళ్ళు అడిగాయి. అతను గబుక్కున తలుపు మూసి, ఆ కంగారులో తన కోటు అంచు అందులో ఇరికించుకున్నాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది. మన కథ అక్కడ మొదలైంది.

అతని పని మైక్రోస్కోప్ కింద కణాల ఫొటోలు తీసి, అవి ఎంత దూరం కదిలాయో కొలవడం. సాయంత్రానికల్లా అందరూ అతన్ని 'కెమెరా' అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె పేరు అప్పటికే 'జిగురు'. ఆ పేరెందుకొచ్చిందని అతను టీ దగ్గర అడిగాడు. అడగడమే పాపం, ఆమె టీ చల్లారిపోయింది.

"లివర్లో కేన్సర్ గడ్డ ఉన్నచోటే ఉంటే సర్జన్ కోసి తీసేస్తాడు. అది చోట్లు మారడం మొదలెడితేనే మన కొంప మునిగేది. మామూలుగా కణాలు చేతులు పట్టుకుని కుదురుగా ఉంటాయి. ఆ పట్టు ఇచ్చే ప్రోటీన్‌నే నేను జిగురంటాను. కొన్ని కేన్సర్ కణాల్లో ఇంకో ప్రోటీన్ తల ఎగరేసి, జిగురు తయారుచేసే జీన్‌ని నొక్కి పెట్టేస్తుంది. అంతే! పట్టు వదిలేసి, పొడుగ్గా సాగి, పాక్కుంటూ పోయి రక్తంలో పడతాయి. అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లో కొత్త కాపురం."

"మరి మీరేం చేస్తున్నారు?"

"ఆ నొక్కేసేవాడి నోరు మూయించే మందు వేస్తున్నా. జిగురు తిరిగొస్తుందా, వీళ్ళు ఇంటిపట్టున ఉంటారా అని చూస్తున్నా."

అతను బిస్కెట్ టీలో ముంచి అలాగే మర్చిపోయాడు. అది కరిగి అడుక్కి చేరింది. కంటికి కనబడనివాళ్ళ గురించి ఇంటి మనుషుల గురించి చెప్పినట్టు చెప్పే మనిషిని అతను అంతకుముందు చూడలేదు.

ఆమె కణాలు పెంచే ప్లేట్లు చూసిన కొద్దీ ఆ ఆశ్చర్యం పెరిగిందే కానీ తగ్గలేదు. ప్లేటు నిండా కణాలు పెరిగాక, సన్నటి ప్లాస్టిక్ మొనతో మధ్యలో ఒక గీత గీసేది. అచ్చం పాపిడి తీసినట్టు! చెయ్యి వణికేది కాదు. మర్నాటికి రెండు వైపుల నుంచీ కణాలు పాకి ఆ పాపిడిని పూడ్చేస్తాయి. మందు పనిచేస్తే పాపిడి చాలావరకు మిగులుతుంది. ఎంత మిగిలిందో కెమెరా కొలవాలి.

దానికో కట్టుబాటుంది. ఏ ప్లేటులో మందు వేశారో కొలిచేవాడికి తెలియకూడదు. తెలిస్తే మనసు ఎటు లాగితే కొలత అటు జరుగుతుంది. అందుకని ల్యాబ్‌కి పెద్ద అయిన పెద్దమేడమ్ ప్రతిసారీ రంగులు మార్చి స్టిక్కర్లు అంటించేది. ఏ రంగు ఏదో ఆమెకీ, జిగురుకీ మాత్రమే తెలుసు.

ప్లేట్లు తెచ్చి మైక్రోస్కోప్ మీద పెట్టేది జిగురే. ఊరికే పెడుతుందా?

"ఏమండీ కెమెరాగారూ, ఈ చొక్కా మీదేనా, లేక కిటికీకి వేసిన కర్టెన్ కత్తిరించారా?"

"మా అమ్మ కొనిందండీ."

"అయితే బాగుంది. అమ్మగారికి చెప్పండి, నేను పొగిడానని."

అతను కళ్ళు మైక్రోస్కోప్‌కి ఆనించి చెవులు మాత్రం ఆమెకి అప్పగించేవాడు. ఆ మాటల్లోనే తెలిసింది. బస్సు డ్రైవర్‌గా రిటైరైన వాళ్ళ నాన్నకి లివర్లో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారట. ప్రతి స్కానింగ్‌కీ తండ్రీ కూతుళ్ళిద్దరూ పక్క ఆసుపత్రికి వెళ్తారు. గడ్డ మళ్ళీ ఎక్కడన్నా లేచిందా అని చూడ్డానికి. అది చెప్పేటప్పుడు కూడా ఆమె నవ్వుతూనే చెప్పింది. అతను మాత్రం ఫొటో తియ్యడం మర్చిపోయాడు.

పరిశోధనకి డబ్బిచ్చే కమిటీ ముందు ఫలితాలు పెట్టాల్సిన రోజు దగ్గరపడింది. బాగుంటే పని ముందుకు సాగుతుంది, లేకపోతే ఇక్కడితో సరి. ముందురోజు మధ్యాహ్నం కెమెరా చివరి ఫొటోలు కొలుస్తున్నాడు. పసుపు స్టిక్కర్ ప్లేటులో పాపిడి మధ్య ఒక్కటే చుక్క. దుమ్ము అనుకుని వదిలేసి ముందుకెళ్ళాడు.

చెయ్యి ఆగిపోయింది.

పొద్దున నీలం ప్లేటులో ఇలాంటి చుక్కనే కణం అని లెక్కేశాడు. ఇక్కడ దుమ్మెందుకైంది? నీలం ప్లేటు పెట్టేటప్పుడు గలగలా మాట్లాడిన ఆమె, పసుపు ప్లేటు పెట్టేటప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చింది.

నేరుగా ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాడు. "ఈ కొలతలు పనికిరావండీ."

"ఏం? ఫోకస్ తప్పిందా?"

"కాదు. ఏ ప్లేటు ఏదో నాకు తెలిసిపోయింది."

"ఎవరు చెప్పారు? పెద్దమేడమా?"

"మీరే."

"నేనా! నేను ఒక్క మాట కూడా అనలేదే!"

"అదేనండీ. ఒక్క మాట కూడా అనలేదు." అతను చేతిలో కాగితం ఆమె ముందు పెట్టాడు. "మందు వెయ్యని ప్లేటైతే నా చొక్కా, నా నడక, ఏదీ వదలరు. మందు వేసిన ప్లేటైతే పెట్టేసి ఊరుకుంటారు. ఊపిరి కూడా వినబడదు."

"అలాంటివి ఎవరు పట్టించుకుంటారు?"

"ఎవరూ పట్టించుకోరు. నేనే, మీ మాటల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాను కాబట్టి..." చెవులు ఎర్రబడ్డా ఆగలేదు. "మీరు గెలవాలని నాకుంది. అందుకే పసుపు ప్లేటులో ఒక కణాన్ని దుమ్మని వదిలేశాను. ఇంకెన్ని వదిలేశానో నాకే తెలీదు."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రేపు కమిటీ పెట్టుకుని ఈ మాట ఇప్పుడా చెప్పేది!"

"రేపటి తర్వాత చెప్తే అది మోసమవుతుందండీ."

ఆమె విసురుగా లేచి వెళ్ళిపోయింది. అంతా అయిపోయింది అనుకున్నాడు అతను.

ఎక్కడికి వెళ్ళిందనుకున్నారు? పెద్దమేడమ్ దగ్గరికి. మర్నాడు కమిటీ ముందు నిలబడి, "ఈ కొలతల్లో తప్పు జరిగింది, కారణం నేనే, మళ్ళీ చేస్తాను" అని తన నోటితో తనే చెప్పింది. బంగారంలాంటి ఫలితాన్ని చేతులారా పక్కన పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. గది వెనకాల నిలబడిన కెమెరాకి ఆ క్షణంలో ఆమె మీద ప్రేమకంటే గౌరవమే ఎక్కువ కలిగింది. కమిటీ ఇంకొక్క అవకాశం ఇచ్చింది. ఈసారీ తేలకపోతే ఆపెయ్యాల్సిందే.

ఈసారి ప్లేట్లు పెద్దమేడమే స్వయంగా మోసింది. జిగురు ఆ గది ఛాయలకి రాకూడదు, అతనితో మాట్లాడకూడదు. అతను ప్రతి చుక్కనీ దగ్గరికి లాగి చూశాడు. కణమైతే కణమనే రాశాడు, చేదుగా ఉన్నా సరే.

లెక్క తేలే రోజు బయట వాన. అతను కొలతలు పెద్దమేడమ్ చేతికిచ్చి బయటికొస్తే, వరండా బెంచీ మీద తండ్రీ కూతుళ్ళు కనబడ్డారు. స్కానింగ్ నుంచి అప్పుడే వచ్చారు.

"నువ్వేనా బాబూ కెమెరా? రా, ఇలా రా" అన్నాడు నాన్న. "నా స్కానింగ్ బాగానే ఉంది. దీనికే బాగోలేదు. వారం నుంచి ఇంట్లో నోరు మెదపడంలేదు."

"ఎందుకండీ?"

"చిన్నప్పట్నుంచీ అంతే. వసపిట్టలా వాగుతుందా? ఏదన్నా గట్టిగా కావాలనుకుంటే మాత్రం నోరు పెగలదు. నా ఆపరేషన్ రోజు పొద్దుట్నుంచీ మూగనోము పట్టింది."

"నాన్నా!" అంది ఆమె.

అప్పుడే తలుపు తెరుచుకుంది. పెద్దమేడమ్ మొహం చూస్తే అర్థమైంది. "మొదటిసారి వచ్చినంత తేడా లేదమ్మా. కానీ ఉంది. గట్టిగా ఉంది. వెళ్ళి చూసుకో."

ముగ్గురూ గదిలోకి పరిగెత్తారు. జిగురు ప్రోటీన్ ఉన్నచోట ఆకుపచ్చగా వెలిగేలా రంగు వేసిన ప్లేటుని కెమెరా తెర మీద పెట్టాడు. ఒకటీ అరా కణాలు దారి తప్పి తిరుగుతున్నాయి. మిగతావన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ప్రతిదాని చుట్టూ సన్నటి ఆకుపచ్చ అంచు.

"ఇవేనా అమ్మా, చెయ్యి వదలనివి?" అన్నాడు నాన్న, తెర దగ్గరికి వంగి.

"ఇవే నాన్నా. ఇంకా ప్లేటులోనే. మనిషి దాకా రావాలంటే చాలా దూరం ఉంది." ఆమె కళ్ళు తుడుచుకుని కెమెరా వైపు తిరిగింది. కోపమంతా ఎక్కడికి పోయిందో! "మళ్ళీ ఆ కర్టెనే వేసుకొచ్చారా? ఇంట్లో కిటికీలు బోసిపోయుంటాయి!"

వారం తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ ధైర్యంలోనే, నాన్న తిరిగి వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాక, గుమ్మంలో ఆమెని ఆపాడు.

"ఒకటి అడగనా?"

"అడగండి. ప్లేట్లు అయిపోయాయిగా, ఇప్పుడేం తెలిసినా పర్లేదు."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె నోరు తెరిచింది. ఏదో చురక అనబోయిందనే అనుకున్నాడు. మాట రాలేదు. నోరు మూసుకుంది. కోటు గుండీ పట్టుకుని తిప్పుతూ నేల చూపులు చూస్తూ నిలబడింది. వాన చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.

"ఏమే," బెంచీ మీంచి నాన్న కేకేశాడు, "ఆ అబ్బాయేదో అడుగుతుంటే పలకవేం?"

ఆమె పలకలేదు. ఊపిరి కూడా వినబడలేదు.

కెమెరా మొహం చాటంత అయింది. "పర్లేదు మామయ్యా," అన్నాడు, "చెప్పేసింది."

మామయ్యా అన్న పిలుపుకి నాన్న ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత నవ్వుకుంటూ బెంచీ మీద పక్కకి జరిగి ఇద్దరికీ చోటిచ్చాడు.