ఏడో మనిషి చూపు

ఇల్వా నాతో మొదట ఆడిన మాటే తగువు.

"ఇది నిన్నటి బన్ను," అంది, గడ్డం ఆనించే స్టాండు ముందు కూర్చుంటూ. "పరీక్షకి వచ్చినవాళ్ళకి తాజా యాలకుల బన్ను అని పోస్టర్ వేశావు. మోసం!"

"పొద్దున్నే కొన్నాను."

"ఏ రోజు పొద్దున్న?"

అది ఫిబ్రవరి. మంచూ వానా కలిసి కురుస్తున్నాయి. నదిగట్టున పాత నేతమిల్లే ఇప్పుడు మా కాలేజీ. అందులో నాలుగో అంతస్తులో, కిటికీ లేని గదిలో మీడియా టెక్నాలజీ థీసిస్ పూర్తి చేయడానికి తంటాలు పడుతున్నాను. వీడియో పాఠంలో ఓ మూల మాస్టారి ముఖం కనిపిస్తుంటే, చూసేవాళ్ళ దృష్టి పాఠం మీంచి చెదురుతుందా? చెదరదని నా వాదన. అందుకే కంటిచూపు ఎటు తిరిగిందో పసిగట్టే కెమెరా ముందు పన్నెండు మందిని ఒక్కొక్కరుగా కూర్చోబెట్టాను. పాఠం పులిసిన పిండితో రొట్టె చేయడం. ముఖం నాదే.

ఇల్వా మా క్లాసే అయినా అప్పటిదాకా పలకరింపులు లేవు. ఆమె సంతకం పెట్టిన కాగితం మీద నంబరు ఏడు. పన్నెండు నిమిషాల వీడియో అయ్యాక పది ప్రశ్నలు అడిగితే రెండే సరిగ్గా చెప్పింది.

"పిండి ఎంతసేపు నానాలి?"

"నాకేం తెలుసు?"

"ఇప్పుడేగా వీడియోలో చెప్పాను!"

"నువ్వు చాలా చెప్పావులే," అని కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. తిట్టిన బన్నుని మాత్రం వదల్లేదు.

ఆ సాయంత్రం ఆమె చూపుల పటం తెరిచాను. ఎక్కువసేపు చూసిన చోటు ఎర్రగా, చూడని చోటు నీలంగా వస్తుంది. మిగతావాళ్ళకి ఎరుపంతా అక్షరాల మీద ఉంది. ఇల్వా పటం మొత్తం నీలం, కింద మూలనున్న నా ముఖం తప్ప. పన్నెండు నిమిషాలూ అంతే. కెమెరా పాడైందేమోనని అంకెలన్నీ మళ్ళీ సరిచూశాను. దానికేమీ కాలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, గదిలో గంతులేశాను. గంతులయ్యాక లెక్క వేశాను. ఆమెని కలిపితే నా వాదన కూలిపోయింది. తీసేస్తే నిక్షేపంగా నిలబడింది. నలభై మూడో పేజీ అడుగున సన్న అక్షరాల్లో రాసేశాను: "కెమెరా లోపం వల్ల ఏడో వ్యక్తి కొలతలు వదిలేశాను." ఆ పిల్ల పరువు కాపాడుతున్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత రోజూ కలిశాం. కాఫీలు, నదిగట్టున నడకలు, ఒకే గొడుగు. ఏప్రిల్‌లో ఓ వానరోజు, ట్రాము కోసం నిలబడి ఉండగా అడిగింది.

"నాకేమైనా చెప్పాలా నువ్వు?"

"థీసిస్ అయ్యాక చాలా చెప్పాలి."

"ఓ ముక్క ఇప్పుడే చెప్పేస్తే అరిగిపోతావా?"

"తొందరేముంది?"

నిజంగానే నాకు తొందర లేదు. జవాబు పత్రం ముందే దొరికినవాడి ధీమా నాది. ఆ అమ్మాయి నా పక్కన నిలబడి వణుకుతోందని కూడా చూసుకోలేదు.

మా దగ్గర థీసిస్‌కి తోటి విద్యార్థి ఒకరు ప్రత్యర్థిగా కూర్చుని అందరి ముందూ ప్రశ్నలు వేయాలి. "నీకు నేను కూర్చుంటా," అంది ఇల్వా. నలుగురిలో మాటామాటా రావడమంటే మావాళ్ళకి హడలు కాబట్టి, ఎవరూ తడబడకుండా ప్రశ్నలు రెండు రోజుల ముందే పంపేస్తారు. ఆమె ఎనిమిది పంపింది. ఎనిమిదోది ఇది: "ఏడో వ్యక్తి విషయంలో కెమెరాకి వచ్చిన లోపమేమిటి?"

తన నంబరు తనకి గుర్తుండదని ఎలా అనుకున్నానో! ఆమె ఇల్లు మూడు స్టాపుల దూరం. ఫోను నా జేబులోనే ఉంది. నేను మాత్రం రెండు రోజులూ గది తలుపేసుకుని, నున్నటి జవాబొకటి తయారు చేసుకున్నాను.

మే నెలాఖరున ఆ రోజు వచ్చింది. ముందు వరుసలో మా గైడ్ గున్వోర్, వెనక ఓ ఇరవై మంది, బల్ల మీద నేను తెచ్చిన ఆకుపచ్చ కేకు. ఏడు ప్రశ్నలు సాఫీగా జరిగిపోయాయి. ఎనిమిదోదానికి ఇల్వా చేతిలో కాగితం పక్కన పెట్టి, నన్నే చూస్తూ అడిగింది.

"కనుపాప సరిగ్గా దొరకలేదు," అన్నాను. "కళ్ళజోడు మెరుపు వల్ల అలా జరుగుతుంటుంది."

"ఏడో వ్యక్తికి కళ్ళజోడు ఉందా?"

అది ఆమె పంపిన ప్రశ్నల్లో లేదు. ఇల్వాకి కళ్ళజోడు లేదు.

"గుర్తులేదు," అన్నాను.

"సరే. నాకు ఇక ప్రశ్నలు లేవు."

పాసయ్యాను. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె వెనకే వరండాలోకి పరిగెత్తాను.

"ఇల్వా, అందరి ముందూ ఎలా చెప్పను? నీ కోసమే కదా దాచింది!"

"అందరి ముందూ చెప్పమని ఎవరన్నారు? రెండు రోజుల ముందే ప్రశ్న నీ చేతిలో పెట్టాను. ఫోన్ చేసి 'లోపమేం లేదు ఇల్వా' అని ఉంటే, ఆ ప్రశ్న అప్పుడే కొట్టేసేదాన్ని."

"నాకూ నువ్వంటే..."

"తెలుసు. అందుకే ఒళ్ళు మండుతోంది. నన్ను తీసేస్తే లెక్క కుదిరింది, అంతేగా?"

కాదనలేకపోయాను.

"సిగ్గు చంపుకుని చూశాను మాల్తె, నీ పిచ్చి రొట్టె పాఠమంతా. దాన్ని లోపమని అచ్చేయించావు."

కేకు ముట్టకుండానే వెళ్ళిపోయింది. వారం తిరిగేసరికి ఉద్యోగానికని పడమటి తీరాన ఉన్న గోటెన్‌బర్గ్ రైలెక్కిందని తెలిసింది.

పాసైన థీసిస్‌ని వరండాలో ఉన్న చెక్కకి మేకుతో కొట్టడం మా ఆనవాయితీ. నేనూ కొట్టాను. రోజూ దాని ముందు నుంచే నడిచేవాణ్ణి. పదో రోజు గున్వోర్ గది తలుపు తట్టాను. మేం మాస్టార్లనీ పేరు పెట్టే పిలుస్తాం.

"గున్వోర్, కెమెరాకి ఏమీ కాలేదు."

ఆవిడ మొత్తం వింది.

"మేకు పీకి థీసిస్ తీసుకురా," అంది.

నా పట్టా ఆగిపోయింది. వేసవంతా పన్నెండు మందితో లెక్క మళ్ళీ చేశాను. వాదన కూలింది. ముఖం దృష్టిని చెదరగొట్టదని గట్టిగా చెప్పడానికి వీల్లేదని రాశాను. నలభై మూడో పేజీలో ఇలా రాశాను: "ఏడో వ్యక్తి కొలతల్లో లోపం లేదు. లోపం రచయితది." సెప్టెంబరులో మళ్ళీ మేకు కొట్టి, ఒక ప్రతి ఇల్వాకి పంపాను. దాంతోపాటు, ఏడు నెలలుగా దిగమింగుకున్న 'నువ్వంటే నాకిష్టం' అన్న మూడు మాటలూ రాశాను.

నాలుగో రోజున జవాబు వచ్చింది.

"పేజీ చదివాను. కొలత సరైనదే. కానీ అది ఫిబ్రవరి నాటిది, మాల్తె."

తిరిగి రాయడానికి నాకు ఈసారీ రెండు రోజులు పట్టింది. ఇంకా పంపలేదు.