నిమిషానికి పద్దెనిమిది

"సిస్టర్, మీరు పదమూడు సెకన్లే చేతులు కడిగారు. ఇంకో ఏడు సెకన్లు కడగాలి."

ఎస్తేరు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ కొళాయి కింద చేతులు పెట్టింది. నర్సుగా చేరి ఆ రోజుకి తొమ్మిదో రోజు. పొద్దుటినుంచి ఇలా చెప్పించుకోవడం నాలుగోసారి. ఎంత గయ్యాళి అత్తగారైనా మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తుంది. ఈ కంకణానికి ఆ అలవాటు కూడా లేదు.

2074 నాటికి రాష్ట్రంలో కొత్తగా చేరే ప్రతి నర్సూ ఎడమచేతికి ధర్మకంకణం వేసుకోవాల్సిందే. చూడటానికి సన్నటి గాజులా ఉంటుంది. లోపల ఆవగింజంత కెమెరా, మైకు, వాటి వెనక కృత్రిమ మేధ. చెవిలో పెట్టుకున్న బుడిపెలోంచి మాట్లాడుతుంది. మందు ఇచ్చేముందు నర్సు పేషెంటు పేరు అడిగిందా, సూది ఎందుకో చెప్పి ఒప్పుకోలు తీసుకుందా, లిఫ్టులో ఎవరి జబ్బు గురించైనా నోరు జారిందా, చేసిన తప్పు తనంతట తాను చెప్పుకుందా, అన్నీ కనిపెడుతుంది. సరిగ్గా చేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. లేకపోతే ఎర్రబడి ధర్మాంకాలు కోసేస్తుంది. నూటితో మొదలై, ఆరు నెలల్లోపు అరవైకి దిగువన పడితే లైసెన్సు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇంత నీతి దానికి ఎవరు నేర్పారంటే, డాక్టర్ పరాంకుశం. కంకణాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త. ముప్పై ఏళ్ల కాలంలో ఒక్క ఫిర్యాదు కూడా రాని నలభై వేల మంది నర్సులను ఏరి, వాళ్లు రాసిన రికార్డులన్నీ దానిచేత చదివించాడు. "మంచి నర్సులు ఏం చేశారో అదే మంచి" అని ఆయన ప్రతి సభలోనూ చెప్పేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. కొట్టినవాళ్లలో ఒక్కరైనా ఆ రికార్డులు తెరిచి చూస్తే ఈ కథే ఉండేది కాదు.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఆస్పత్రి పేరు చెప్పను, మనకెందుకొచ్చిన గొడవ. అక్కడి మంచాలు కూడా తెలివైనవే. జ్వరం, నాడి, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్ అవే చూసుకుంటాయి. ఊపిరి లెక్క మాత్రం నర్సుకి వదిలేశారు. దానికో కారణం ఉంది. అన్నీ యంత్రాలే చేసేస్తుంటే నర్సులు పేషెంటు మొహమే చూడటం మానేశారని ఎవరో పెద్దమనిషి బాధపడి, రోజుకి మూడుసార్లు నర్సు పక్కన నిలబడి, నిండా ఒక నిమిషం ఛాతీ చూసి ఊపిరి లెక్కపెట్టాలని చట్టం చేయించాడు. మంచి చట్టమే.

ఆ పూట ఎస్తేరు పోలయ్య మంచం దగ్గర నిలబడి లెక్కపెట్టింది. పోలయ్య సముద్రంలో గాలిమరల మీద పనిచేసే మేస్త్రీ. కాలు విరిగితే ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది. మంచం చూపించే అంకెలన్నీ బాగానే ఉన్నాయి. ఊపిరి మాత్రం నిమిషానికి ఇరవై ఎనిమిది వచ్చింది. ఎస్తేరు అదే రాసింది.

కంకణం ఎర్రబడింది. "అసహజ నమోదు. సవరించుకోండి. మంచి నర్సులు ఈ గడిలో పద్దెనిమిది గానీ ఇరవై గానీ రాస్తారు. అయిదు అంకాలు తగ్గించాను. ఇప్పుడు డెబ్బై ఒకటి."

"రాస్తారేంటి? ఆయన తీసే ఊపిరి కదా నేను రాయాల్సింది!"

"మళ్ళీ లెక్కపెట్టండి."

మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై వచ్చింది. రాసింది. అరవై ఆరుకి దిగింది. ఎస్తేరుకి ఒళ్ళు మండిపోయింది. డాక్టరుని పిలవమని కంకణాన్ని అడిగితే, "మంచం అంకెలు సవ్యంగా ఉన్నాయి. మీ నమోదు నమ్మదగినది కాదు. పిలుపు పంపడం లేదు" అంది. తప్పు రాస్తే మెచ్చుకుని, నిజం రాస్తే నమ్మని నీతిని ఏం చేసుకోవాలి?

గొడవ విని వార్డు ఇన్‌చార్జ్ వజ్రమ్మ వచ్చింది. పెద్దావిడ, మనసు మంచిది, ఒడుపుగా నరం దొరకబుచ్చుకోవడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

"ఏటే ఎస్తేరూ, దాంతో పేచీ ఏటి నీకు? పద్దెనిమిది ఎయ్యి, లేపోతే ఇరవై ఎయ్యి. ముప్పయ్యేళ్లబట్టి అదే ఏస్తన్నాం. ఎవుడూ అడగనేదు."

"లెక్కపెట్టకుండానా, సిస్టర్?"

"ముప్పై రెండు మంచాలు, ఇద్దరం నర్సులం. మడిసికి నిమిషం చొప్పున నిలబడితే మందులెవులిత్తారు? ఓసారి అలా చూత్తాం, బానే ఉన్నాడు, పద్దెనిమిది. అందరూ అంతే తల్లీ."

ఎస్తేరుకి అప్పుడు తెలిసింది. ఆ నలభై వేల మంది మంచి నర్సులూ ముప్పై ఏళ్లుగా ఇదే అంకె రాశారు. పోయినవాళ్లకీ రాశారు, ఇంటికెళ్లినవాళ్లకీ రాశారు. యంత్రం అమాయకంగా అదే ధర్మం అనుకుంది.

"సిస్టర్, ఈయనకేదో అవుతోంది. ఒక్కసారి మీరు చూడండి."

వజ్రమ్మ పోలయ్య వైపు చూసింది, మంచం అంకెల వైపు చూసింది, అంకెలనే నమ్మింది. "గాబరా పడకు" అని ఇంకో మంచానికి వెళ్లిపోయింది.

పోలయ్య ఆయాసంగానే నవ్వాడు. "నాకేటవదు తల్లీ. నా గురించి నీ ఉజ్జోగం పోగొట్టుకోకు. అది ఏటి రాయమంటే అదే రాసీ."

ఎస్తేరు ఉద్యోగం మీద ఇంటిల్లిపాదీ ఆశలు పెట్టుకుని ఉన్నారు. పద్దెనిమిది అని రాస్తే అంకాలు నిలుస్తాయి. ఆమె మూడోసారి లెక్కపెట్టింది. ముప్పై రెండు. రాసింది. అరవై ఒకటి. ఇంకో అయిదు నిమిషాలు ఆగి నాలుగోసారి లెక్కపెట్టింది. ముప్పై నాలుగు. అదీ రాసింది.

"యాభై ఆరు. మీ శిక్షణ ముగిసింది. వార్డు వదిలి వెళ్లండి" అంది కంకణం. మందుల బీరువా ఆమెకి మూసుకుపోయింది.

"పేషెంటుని ఈ స్థితిలో వదిలేసి వెళ్లడం ఏ ధర్మం కిందికి వస్తుందే, దిక్కుమాలినదానా?" అని అరిచి, పక్క మంచం పేషెంటు చుట్టాన్ని పోలయ్య దగ్గర కూర్చోబెట్టి, ఎస్తేరు పరుగెత్తింది. అదృష్టం ఏమిటంటే, ఆ రోజు పరాంకుశం కింది హాల్లోనే ఉన్నాడు, ఎవరో అతిథులకి తన కంకణం గొప్ప చెబుతూ. ఎస్తేరు ఆయన చెయ్యి పట్టుకుంది.

"సార్, నన్ను తర్వాత తీసేద్దురుగాని. ముందు ఒక్క నిమిషం వచ్చి ఒక మనిషి ఛాతీ చూడండి."

"ఏమ్మా, ఇదేం పద్ధతి? మర్యాద..."

"ఒక్క నిమిషం సార్!"

అతిథుల ముందు చెయ్యి విడిపించుకోలేక వచ్చాడు. గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. ముప్పై ఆరు దగ్గర ఆయన మొహం తెల్లబోయింది. అప్పటికి గానీ మంచం ఆక్సిజన్ పడిపోతోందని గంట మోగించలేదు. డాక్టర్లు పరుగున వచ్చారు. విరిగిన కాలిలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాడని చెప్పారు. పోలయ్య దక్కాడు. ఎస్తేరుకి నూరు అంకాలూ తిరిగొచ్చాయి, లైసెన్సూ వచ్చింది. వజ్రమ్మ పోలయ్య మంచం పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

కంకణాన్ని ఏం చేయాలన్నది మిగిలింది. తీసి సముద్రంలో పారేస్తే సరిపోయేది. కానీ కనిపెట్టినవాడికి తన వస్తువు మీద మమకారం చావదు కదా! పరాంకుశం పాత రికార్డులన్నీ చెరిపేశాడు. వాటి స్థానంలో ఒకే ఒక్క మనిషిని పెట్టాడు, ఎస్తేరుని. ఆమెకి 'ప్రమాణ నర్సు' అని పదవి ఇచ్చారు. ఆమె రోజూ చేసే ప్రతి పనీ ఆమె కంకణం నేర్చుకుంటుంది. క్షణాల్లో రాష్ట్రంలోని కంకణాలన్నిటికీ నేర్పుతుంది. "ఉద్యోగం పోయినా అబద్ధం రాయని మనిషమ్మా నువ్వు. ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఏముంటుంది?" అన్నాడు. ఎస్తేరు వద్దంది. బతిమాలారు. సరేనంది.

మూడు నెలలు బాగానే గడిచింది. రాష్ట్రంలో నర్సులు ఒక్కసారిగా ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం ఎస్తేరుకి ఊపిరాడనంత పని పడింది. ఒకరు సెలవు, ఇంకొకరికి జ్వరం. ఏడో మంచం ముసలాయన వాంతి చేసుకున్నాడు, పక్కలు మార్చింది. ఈలోగా కింది హాల్లో కొత్త బ్యాచ్ అమ్మాయిలు నలభై మంది, నర్సు రికార్డుల్లో నిజాయితీ గురించి ఆమె ప్రసంగం వినడానికి అరగంట నుంచీ కూర్చుని ఉన్నారు. మూడుసార్లు ఫోన్ వచ్చింది. పదకొండో మంచం నూకరత్నం షీటు ఒక్కటే మిగిలింది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన మనిషి. పక్కావిడతో కబుర్లు చెబుతూ నవ్వుతోంది. ఎస్తేరు దూరంనుంచి ఓసారి అలా చూసింది. బానే ఉంది.

పద్దెనిమిది అని రాసింది.

రాసి నాలుగడుగులు వేశాక ఆగిపోయింది. కంకణం వైపు చూసింది. ఆకుపచ్చగా వెలుగుతోంది.

"ఎర్రబడవేం? నేను లెక్కపెట్టలేదు!"

"గమనించాను సిస్టర్."

"మరి తప్పని చెప్పవేం?"

"మీరు చేసింది తప్పని ఎలా చెప్పను? తప్పంటే ఏమిటో మీ దగ్గరే నేర్చుకున్నాను. పని ఒత్తిడిలో, పేషెంటు నవ్వుతూ ఉన్నప్పుడు, దూరంనుంచి చూసి పద్దెనిమిది రాయవచ్చు. ఈ పాఠం అన్ని కంకణాలకూ చేరింది."

"కొట్టేస్తాను. అది తప్పు."

"సరైన నమోదును కొట్టివేయడం నియమవిరుద్ధం, సిస్టర్."

ఎస్తేరు వెనక్కి పరుగెత్తి నూకరత్నం పక్కన నిలబడింది. "ఏటైంది సిస్టరమ్మా?" అంటే, "కాసేపు మాట్లాడకండి" అని నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. పంతొమ్మిది. మనిషి క్షేమమే. అయినా పాఠం వెళ్లిపోయింది. ఈపాటికి ఎన్ని వార్డుల్లో ఎంతమంది దూరంనుంచి చూసి రాస్తున్నారో! వాళ్లలో ఎందరు పోలయ్యలున్నారో! వెంటనే కంకణం ఉన్న చేత్తోనే పరాంకుశానికి ఫోన్ చేసింది.

"సార్, నేను తప్పు చేశాను. లెక్కపెట్టకుండా రాశాను. ముందు కంకణాలన్నీ ఆపించండి. ఇప్పుడే."

అవతలనుంచి పెద్ద నవ్వు వినిపించింది. "అయ్యో, ఇంతేనా? నేనేమో ఎవరికో ఏదో అయిందనుకున్నాను. పేషెంటు బాగానే ఉందిగా? పోన్లెద్దూ ఎస్తేరమ్మా, ఒక్కసారికేం కాదు. ఎవరు చెయ్యరు?"

ఎస్తేరు చప్పున రెండో చేత్తో కంకణాన్ని మూసింది. వేళ్ల సందుల్లోంచి అప్పటికే ఆకుపచ్చ వెలుతురు వస్తోంది.

"సార్," అంది, "మీరిప్పుడన్నదీ అది వినేసింది."